కీబోర్డు ఫిడేలులో కంపనం ఎవరి చేతిలో ఉండాలి

కర్నూలు, కడప ప్రాంతాల్లో పద్యనాటకం గానీ, భజన గానీ, పెళ్లిపందిట్లో పాటకచేరీ గానీ, ఒకప్పుడు హార్మోనియం ఉన్నచోట ఇప్పుడు కీబోర్డు కూర్చుంటోంది. అందులో తరచుగా నొక్కే టోన్లలో వయొలిన్ ఒకటి. దానికి తగిన కారణాలున్నాయి. ఫిడేలు పలచని చెక్కతో చేసి జిగురుతో అతికించిన వాద్యం. ఎండలు 40 డిగ్రీలు దాటి గాలిలో చెమ్మ ఇంకిపోయే సీమ వేసవిలో దాని బిరడలు జారతాయి, అతుకులు విడతాయి, శ్రుతి నిలవదు. ఊరూరా ఫిడేలు విద్వాంసుడు దొరకడం ఇంకా కష్టం. కీబోర్డుకు ఈ బాధలేవీ లేవు. ఎండలోనైనా, రాత్రి రెండు గంటలకైనా అదే శ్రుతిలో పలుకుతుంది. అయితే ఆ టోన్ ఎంత మంచిదైనా స్వరం ఊగాల్సిన చోట మాత్రం దొరికిపోతుంది. ఊగకూడని స్వరాన్ని ఊపుతుంది, ఊగాల్సిన స్వరాన్ని ఎక్కడో ఏర్పాటు చేసిన లెక్క ప్రకారం ఊపుతుంది. ఈ ఊపును, అంటే వైబ్రాటోను, ఎవరు అదుపు చేయాలన్నదే ఇక్కడి ప్రశ్న. రికార్డు చేసిన మనిషా, యంత్రంలోని సర్క్యూటా, వేదిక మీద వాయిస్తున్న చెయ్యా? మన సంగీతానికి సంబంధించినంతవరకు అది వాయించే చేతికే దక్కాలి, మిగతా రెండూ దానికి లోబడాలి. ఈ మాటను కాస్త వివరంగా నిరూపించాలి, ఎందుకంటే మార్కెట్లో దొరికే కీబోర్డులు దాదాపుగా దీనికి ఎదురు దిశలో తయారవుతున్నాయి.

ముందు శాంపిల్ సంగతి. ఒక వాద్యకారుడు స్టూడియోలో ఒక్కో స్వరం వాయిస్తే దాన్ని రికార్డు చేసి మెట్ల కింద అమర్చడమే శాంపిలింగ్. కంప్యూటర్ చిప్పులు రాకముందే ఈ పని జరిగింది. 1963లో ఇంగ్లండులో వచ్చిన మెలోట్రాన్‌లో ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉండేది, మెట్టు నొక్కితే ఎనిమిది సెకన్ల పాటు వయొలిన్లు పలికేవి. ఆ టేపులో వైబ్రాటో అప్పటికే ఉంది. వాయించేవాడు దాన్ని తగ్గించలేడు, పెంచలేడు, తీసేయలేడు. అయినా మెలోట్రాన్‌కు ఒక నిజాయితీ ఉంది. ప్రతి మెట్టుకూ విడిగా టేపు ఉండడం వల్ల ప్రతి స్వరంలోనూ ఊపు ఆ వాద్యకారుడు వాయించిన వేగంలోనే వినబడేది. తర్వాత వచ్చిన డిజిటల్ కీబోర్డుల్లో, ముఖ్యంగా మెమరీ పొదుపు చేసుకోవాల్సిన చవక మోడళ్లలో, ఒకే రికార్డింగును నాలుగైదు మెట్లకు సాగదీస్తారు. శ్రుతి పెంచడమంటే రికార్డును వేగంగా తిప్పడమే కాబట్టి దాంతోపాటు ఊపు కూడా వేగమెక్కుతుంది. సెకనుకు 6 సార్లు ఊగే శాంపిల్‌ను నాలుగు మెట్లు పైకి జరిపితే అది ఏడున్నర సార్లు ఊగుతుంది. నాలుగు మెట్లు కిందికి జరిపితే ఐదు కన్నా తక్కువే. అదే ఆలాపనలో కింది స్వరం బరువుగా తూగుతూ, పై స్వరం వణుకుతూ, వాటి మధ్య ఎక్కడో ఒక మెట్టు దగ్గర ఉన్నట్టుండి కొత్త శాంపిల్ మొదలై ఊపు మళ్లీ నెమ్మదిస్తుంది. చేతిలో లేని మార్పు ఇది. వినేవాడికి కారణం తెలియకపోయినా ఇది మనిషి వాయించేది కాదని చెవికి తెలిసిపోతుంది.

ఖరీదైన సాఫ్ట్‌వేర్ శాంపిళ్లలో దీనికో విరుగుడు కనిపెట్టారు. ఊపు లేని రికార్డింగు ఒకటి, ఊపు ఉన్నది ఒకటి పక్కపక్కన పెట్టి, కీబోర్డు పక్కనుండే చక్రాన్ని (వీల్) తిప్పుతూంటే ఒకటి తగ్గి ఇంకొకటి పెరిగేలా చేస్తారు. మధ్యలో ఉన్నప్పుడు రెండు రికార్డింగులూ ఒకేసారి వినబడతాయి. అప్పుడు వినేవాళ్లకు ఒక ఫిడేలు రెండు ఫిడేళ్లవుతుంది, తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ధ్వనిలో బోలు ఏర్పడుతుంది. పదిమంది వాయించే స్ట్రింగ్స్ టోన్‌లో ఇది పట్టుబడదు. ఒంటరి ఫిడేలులో పట్టుబడుతుంది.

రెండో మార్గం ఎల్‌ఎఫ్‌ఓ. సెకనుకు కొన్నిసార్లు మాత్రమే తిరిగే నెమ్మది తరంగాన్ని యంత్రమే పుట్టించి, దానితో స్వరం శ్రుతిని పైకీ కిందికీ లాగుతుంది. 1983లో ఎలక్ట్రానిక్ వాద్యాలన్నిటికీ ఉమ్మడి భాషగా మిడి ప్రమాణం వచ్చినప్పటి నుంచీ మాడ్యులేషన్ వీల్‌కు ఒకటో నంబరు కంట్రోలర్ కేటాయించారు. ఎక్కువ కీబోర్డుల్లో అది ఈ ఊపు లోతును పెంచుతుంది. రోలాండ్ వాళ్ల లీవరును పక్కలకు నెడితే బెండ్ (శ్రుతిని లాగడం), ముందుకు నెడితే వైబ్రాటో. కోర్గ్ జాయ్‌స్టిక్కూ దాదాపు అంతే. యమహాలో రెండు వీళ్లున్న మోడళ్లు ఉన్నాయి, ఒక్క బెండ్ వీల్ మాత్రమే ఉన్నవీ ఉన్నాయి. కాస్త లోపలికి వెళ్తే ఊపు వేగానికి 76, లోతుకు 77, ఎంత ఆలస్యంగా మొదలవ్వాలో చెప్పడానికి 78 నంబరు కంట్రోలర్లు కూడా దొరుకుతాయి. ఇందులో మంచి ఏమిటంటే ఊపు మెట్టును బట్టి మారదు, వాయించేవాడు వద్దనుకుంటే పూర్తిగా ఆగిపోతుంది. స్వరం మొదట నిలబడి, తర్వాత మెల్లగా ఊగేలా ఆలస్యం పెట్టుకుంటే మెరుగ్గానే వినబడుతుంది. కానీ ఈ తరంగం గడియారంలాంటిది. సెకనుకు ఆరంటే ఆరే. 1930ల్లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో కార్ల్ సీషోర్ బృందం పాశ్చాత్య గాయకుల, వయొలిన్ వాద్యకారుల వైబ్రాటోను కొలిచింది. వేగం సగటున సెకనుకు ఆరు, ఏడు మధ్య ఉంటుందనీ, వయొలిన్ ఊపు గాయకుల ఊపులో సగమే, అంటే పావు స్వరం అంత వెడల్పు ఉంటుందనీ తేల్చింది. కీబోర్డు కంపెనీలు తయారుగా పెట్టిచ్చే విలువలు ఇప్పటికీ ఈ సగటు చుట్టూనే ఉంటాయి. సగటు ఏ ఒక్క మనిషీ వాయించేది కాదు. ఒక్క స్వరం లోపలే వేగమూ లోతూ మారుతూ ఉండడమే చేతి లక్షణం.

ఇంకో లోతైన చిక్కుంది. నిజమైన ఫిడేలులో తంతి ఊగుతుంది, చెక్కపెట్టె ఊగదు. పెట్టెకు తన సొంత అనునాదాలున్నాయి. తంతి శ్రుతి కొద్దిగా కదిలితే అందులోని ప్రతి అనుస్వరమూ ఆ స్థిరమైన శిఖరాల మీదుగా ఎక్కుతూ దిగుతూ పోతుంది, కాబట్టి ఒకటి బిగ్గరవుతున్న క్షణంలోనే ఇంకొకటి తగ్గుతుంది. ఫిడేలు వైబ్రాటోలో మెరుపు అక్కడిదే. శాంపిల్‌ను ఎల్‌ఎఫ్‌ఓతో ఊపినప్పుడు తంతితోపాటు పెట్టె కూడా సాగి ముడుచుకుంటుంది. అంటే వాద్యం సైజే సెకనుకు ఆరుసార్లు మారుతున్నట్టు. ఈ లోపం గురించి మళ్లీ చెప్పాలి, ఎందుకంటే చేతితో బెండ్ చేసినా ఇది ఉంటుంది, నా వాదానికి గట్టి అభ్యంతరం ఇదే.

ఈ రెండు మార్గాల వెనకా ఒక నమ్మకం ఉంది. వయొలిన్ అంటే ఎప్పుడూ ఊగే స్వరం అని. పాశ్చాత్య సంగీతంలోనే ఇది ఎప్పటినుంచో ఉన్న సత్యం కాదు. 1756లో వయొలిన్ వాదన మీద పెద్ద పుస్తకం రాసిన లియోపోల్డ్ మొట్సార్ట్, ప్రతి స్వరాన్నీ ఊపేవాళ్లను తగ్గని జ్వరంతో వణికేవాళ్లని ఎగతాళి చేశాడు. హైఫెట్జ్ లాంటి వయొలిన్ విద్వాంసులకు గురువైన లియోపోల్డ్ ఆవర్ 1921 నాటి తన పుస్తకంలో కూడా ఎడతెగని వైబ్రాటోను తప్పుపట్టాడు. వయొలిన్ వాద్యకారుడు క్రైస్లర్ ప్రభావంతో, గ్రామఫోను రికార్డులతో పాటు ఆ అలవాటు ఇరవయ్యో శతాబ్దంలో స్థిరపడింది. శాంపిలింగ్ వచ్చేనాటికి స్టూడియోలో కూర్చున్న వాద్యకారులంతా ఆ అలవాటులో పెరిగినవాళ్లే. ఒక కాలపు, ఒక ప్రాంతపు వాడుక అలా చిప్పులోకెక్కి కర్నూలు వేదికల దాకా వచ్చింది. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేసింది కాదు. కానీ దానికి మనం కట్టుబడాల్సిన అవసరమూ లేదు.

మనకు ఫిడేలు వచ్చిన తీరు గుర్తుచేసుకుంటే ఈ తేడా స్పష్టమవుతుంది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల దగ్గర వయొలిన్ నేర్చి దాన్ని కర్ణాటక సంగీతానికి మలిచారని చెబుతారు. ఆయన దౌహిత్రుడు, దత్తపుత్రుడు అయిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ ప్రకటించారు. తెలుగు లిపిలో అచ్చయిన ఆ గ్రంథంలో గమకాలకు, అంటే స్వరాన్ని కదిపే తీరులకు, విడివిడి గుర్తులున్నాయి. ఏ కృతిలో ఏ సంగతిలో ఏ స్వరం మీద కంపితం, ఎక్కడ జారు, ఎక్కడ స్ఫురితం అన్నది స్వరం స్వరానికీ గుర్తుపెట్టి ఉంటుంది. గుర్తు లేనిచోట స్వరం నిలబడాలి. ఒకే ఇంట్లో ఒక తరం ఫిడేలును తెచ్చుకుంటే, మరో తరం ఊపు ఎక్కడుండాలో రాసిపెట్టింది. కంపితం ఇక్కడ నాదానికి పూసే మెరుగు కాదు, రాగం ఒంట్లో భాగం. తోడి గాంధారాన్ని తీసుకోండి. దాన్ని సాధారణ గాంధార స్థానంలో కదలకుండా నిలబెడితే తోడి వినబడదు. అది రిషభం వైపూ మధ్యమం వైపూ విశాలంగా ఊగుతూ ఆ రెంటి మధ్యా తన ఉనికిని చెబుతుంది. శంకరాభరణంలో నిషాదం పై షడ్జాన్ని తాకి వస్తుంది. ఈ ఊపులు స్వరస్థానానికి రెండు పక్కలా సమానంగా పంచినవి కావు, సెకనుకు ఆరు అన్న లెక్కకు లొంగవు. కాలప్రమాణం మారితే మారతాయి, ఆరోహణలో ఒకలా అవరోహణలో ఒకలా ఉంటాయి. వెడల్పు పావు స్వరం కాదు, ఒక్కోసారి అంతకు ఎన్నో రెట్లు. మరోవైపు షడ్జం, పంచమం అచల స్వరాలు. అవి కదలకూడదు. శాంపిల్‌లో నాటుకున్న వైబ్రాటో మొట్టమొదట చెడగొట్టేది ఈ రెంటినే. పద్యం చివర గాయకుడు షడ్జం మీద నిలిచిన క్షణంలో పక్కనున్న కీబోర్డు ఫిడేలు ఆ షడ్జాన్ని వణికిస్తుంది. తోడి గాంధారం దగ్గరికొచ్చేసరికి అదే చిన్న వణుకు, అదే వేగం. అచలమూ చలమూ ఒకటే అయిపోతాయి. నా వాదమంతటికీ ఆధారం ఇదే.

ఈ వాదాన్ని మొదటిసారి హార్మోనియం మీద చేశారని చెప్పక తప్పదు. గమకం పలకదన్న కారణంగా ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. ఆ కట్టుబాటు సడలడానికి మూడు దశాబ్దాలు పట్టింది. కానీ రేడియో తలుపు వేసుకున్న కాలంలోనూ మన రంగస్థలం దాన్ని వదల్లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస కుటుంబీకులు ‘కీచకవధ’ ఆడినప్పటి నుంచి మొదలైన సురభి నాటక సంప్రదాయమూ, సీమ ఊళ్లలో పద్యనాటకాలూ హార్మోనియం లేకుండా ఊహించలేనివిగా పెరిగాయి. అందులో ఉన్న వివేకం గమనించాలి. గమకం నటుడి గొంతులో ఉంటుంది. హార్మోనియం దాన్ని అనుకరించదు, ఆధారస్వరాల్ని అందించి, గొంతు ఆగినచోట అందుకుని, మళ్లీ వదిలేస్తుంది. కదలని వాద్యం కదిలే గొంతుకు అడ్డురాదు. తప్పుగా కదిలే వాద్యం అడ్డొస్తుంది. ఆ లెక్కన నిలకడ గల హార్మోనియం కన్నా వణికే వయొలిన్ టోన్ పద్యానికి ఎక్కువ చేటు. ఇది కొందరికి కటువుగా తోచవచ్చు, కానీ ఒకే పద్యాన్ని రెండు రకాలుగా విన్న చెవి ఒప్పుకుంటుందనే నా నమ్మకం.

మరి కీబోర్డు కూడా హార్మోనియంలాగే నిలకడగా ఉండిపోతే చాలదా అంటే, చాలదు. వయొలిన్ టోన్ ఎంచుకోవడమే అది పాడాలని. పైగా కీబోర్డుకు హార్మోనియానికి లేని శక్తి ఒకటుంది, పిచ్ బెండ్. చెన్నైకి చెందిన కె. సత్యనారాయణన్ లాంటి విద్వాంసులు దీని సాయంతో కీబోర్డు మీద పూర్తి కర్ణాటక కచేరీలు చేసి, సాధ్యమా అన్న ప్రశ్నకు జవాబిచ్చేశారు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్‌కు గమకం పట్టించినప్పుడూ ఇలాంటి సందేహాలే వచ్చాయి, సాధనే వాటిని తీర్చింది. రెండు చేతులూ మెట్ల మీద ఉంటే బెండ్ ఎవరు చేస్తారన్న అభ్యంతరం ఎక్కువగా వినబడుతుంది. సినిమా పాటకు కార్డ్స్ వాయించేవాడి విషయంలో అది న్యాయమే. పద్యానికీ, కీర్తనకూ, భజనకూ కాదు. అక్కడ కార్డ్స్ అక్కర్లేదు, కుడిచేయి గొంతును అనుసరిస్తుంది, ఎడమచేయి ఖాళీ. ఇంకా మాట్లాడితే, చేతి హార్మోనియం వాయించినవాళ్ల ఎడమచేయి మెట్ల మీద ఉండేది కాదు. బెల్లోస్ మీద ఉండి స్వరానికి ఊపిరి పోస్తూ వచ్చింది. ఎక్కడ గాలి పెంచాలో, ఎక్కడ ఆపాలో ఆ చేతికి తెలుసు. అదే చెయ్యి ఇప్పుడు బెండర్ మీదికి వస్తుంది. హార్మోనియం తరం నుంచి కీబోర్డుకు మారినవాళ్లకు ఉన్న ఈ సంపదను ఏ మాన్యువల్లూ చెప్పదు.

అమలులో ముఖ్యమైన విషయం బెండ్ పరిధి. చాలా కీబోర్డుల్లో తయారుగా వచ్చేది అటు రెండు, ఇటు రెండు మెట్లు. దీన్ని పన్నెండుకు పెంచుకునే అలవాటు ఉంది, పెద్ద జారులు తీయవచ్చని. అది గమకానికి హాని. మిడి ప్రమాణంలో బెండ్‌కు 16,384 అడుగులున్నా, చవక కీబోర్డు కొన్నిసార్లు 128 అడుగులతోనే పని నడుపుతుంది. పరిధి రెండైతే ఒక్కో అడుగు మూడు సెంట్లు (సెంటు అంటే మెట్టులో నూరో వంతు), చెవికి అందదు. పన్నెండైతే 19 సెంట్లు, స్వరం మెట్లు మెట్లుగా ఎక్కుతున్నట్టు వినబడుతుంది. పైగా చిన్న కంపితానికి లీవరును వెంట్రుకవాసి కదపాల్సి వస్తుంది, శ్రుతి తప్పక తప్పదు. పరిధిని రాగానికి తగ్గట్టు పెట్టుకుంటే లీవరు చివరి హద్దే స్వరస్థానం అవుతుంది. తోడి గాంధారం మెట్టు నొక్కి, పరిధి రెండుగా ఉంచితే కుడి కొస మధ్యమం, ఎడమ కొస రిషభం. రెంటి మధ్యా ఎంత దూరం పోవాలో, ఏ వేగంతో పోవాలో వాయించేవాడిదే నిర్ణయం, హద్దు మాత్రం తప్పదు. శంకరాభరణ నిషాదానికి పరిధి ఒకటి చేస్తే కుడి కొసలో ఖచ్చితంగా షడ్జం. స్ప్రింగు లీవరును వెనక్కి లాగుతుంది కాబట్టి ఒకవైపే ఊగే కంపితాలకు అది తోడ్పడుతుంది కూడా. రాగం మారినప్పుడల్లా పరిధి మార్చడం శ్రమే. అయితే శ్రుతి మార్చడానికి ట్రాన్స్‌పోజ్ నొక్కడంకన్నా ఇది పెద్ద శ్రమ కాదు.

ఇంకో రెండు జాగ్రత్తలు. శాంపిల్‌లో ప్రతి మెట్టు నొక్కూ కొత్త కమాను దెబ్బ. కాబట్టి గమకాన్ని పక్క మెట్టు కొట్టి తీస్తే ఫిడేలు విదిలించినట్టవుతుంది. మోనో (ఒకసారికి ఒకే స్వరం), పోర్టమెంటో (స్వరం నుంచి స్వరానికి జారడం) ఉంటే వాడి, లేకపోతే ఒకే మెట్టు మీద బెండ్‌తో తీయాలి. రెండోది, బెండ్ ఆ ఛానల్లోని స్వరాలన్నిటినీ లాగుతుంది. శ్రుతి కోసం ఎడమ వైపు షడ్జం నొక్కిపెట్టి ఉంచితే అది కూడా గాంధారంతోపాటు ఊగుతుంది. శ్రుతిని శ్రుతిపెట్టెకో వేరే భాగానికో అప్పగించాలి. ఒక్కో స్వరాన్ని విడిగా లాగగల ఎంపీఈ ప్రమాణం 2018లో ఆమోదం పొందింది గానీ, మన వేదికల మీది కీబోర్డులకు అది ఇంకా దూరమే.

ఇక గట్టి అభ్యంతరం. చేతితో లాగినా శాంపిల్ పెట్టె కూడా సాగుతుంది కదా, రెండు మెట్లు లాగితే అనునాదాలన్నీ 12 శాతం జరుగుతాయి కదా, అప్పుడది ఫిడేలులా ఎలా ఉంటుందని. నిజమే, ఉండదు. దీనికి అసలు పరిష్కారం తంతి ధ్వనిని పెట్టె లేకుండా రికార్డు చేసి, బెండ్ అయ్యాక పెట్టె అనునాదాన్ని కలపడం. లేదా శాంపిల్ మానేసి వాద్యాన్నే గణితంగా కట్టడం. యమహా 1994లో తెచ్చిన వీఎల్1 ఆ దారిదే, ఇప్పుడు కంప్యూటర్లలో అలాంటి సాఫ్ట్‌వేర్లున్నాయి. అవి అందుబాటులోకి వచ్చేదాకా రెండు లోపాల్లో ఒకటి ఎంచుకోవాలి. నాదం కొంచెం ఫిడేలు కాకుండా పోవడమా, స్వరం రాగం కాకుండా పోవడమా? మన శ్రోత రాగాన్ని శ్రుతి గమనంలో పట్టుకుంటాడు. గొంతు, వీణ, నాదస్వరం, మాండొలిన్, ఏ నాదంలో పలికినా తోడి తోడే. నాదంలో లోపాన్ని ఆ చెవి మన్నిస్తుంది, గాంధారంలో లోపాన్ని మన్నించదు. అందువల్ల నేను మొదటి లోపాన్నే ఎంచుకుంటాను.

ఊపు లేని శాంపిల్ చప్పగా, నిర్జీవంగా ఉంటుందన్నది ఇంకో మాట. వేదిక మీద అలా వినబడేది తరచుగా ఊపు లేక కాదు, కమాను లేక. ఫిడేలు ప్రాణం సగం కుడిచేతి ఒత్తిడిలో ఉంది. ఎక్స్‌ప్రెషన్ పెడల్ పెట్టుకునే వీలున్న కీబోర్డుల్లో కాలితో స్వరాన్ని పెంచుతూ తగ్గిస్తూ వాయిస్తే, కదలని షడ్జం కూడా ఊపిరి తీసుకుంటుంది. సస్టెయిన్ పెడల్ దీనికి బదులు కాదు. ఫిడేలు టోన్ మీద అది స్వరాల్ని ఒకదాని మీద ఒకటి పోగేస్తుంది.

ఈ వాదానికి హద్దు కూడా ఉంది. లండన్ మిషన్ కాలం నుంచీ పాదుకున్న కడప చర్చిల్లో, కర్నూలు, నంద్యాల సంఘాల్లో కీబోర్డు కార్డ్స్‌తో ఆరాధన పాటలకు వెన్నుదన్నుగా ఉంటుంది. అక్కడ కావాల్సింది ఒక ఫిడేలు కాదు, ఇరవై వయొలిన్ల పరుపు. అందులో ఒక్కొక్కరి ఊపు ఒక్కో వేగంలో ఉండి కలిసిపోవడమే ఆ నాదానికి అందం, కాబట్టి శాంపిల్‌లోనే వైబ్రాటో ఉండడం మేలు. సినిమా పాటల్లోని స్ట్రింగ్స్‌కూ అంతే. స్వరసమ్మేళనం కోసం పుట్టిన ఊపును అక్కడినుంచి తీసేయమనడం నా ఉద్దేశం కాదు. ఒంటరి ఫిడేలు రాగం పలకాల్సిన చోటికి దాన్ని తేవద్దనే.

మన మార్కెట్‌కోసమే చేసే కీబోర్డులు ఇప్పుడున్నాయి. యమహా పీఎస్‌ఆర్-ఐ శ్రేణిలో తంబూరా, తబలా, భారతీయ టోన్లు చేర్చారు. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10లోనూ అలాంటి టోన్లున్నాయి. అంత పట్టించుకున్నవాళ్లు ఇంకొక్క అడుగు వేయవచ్చు. కర్ణాటక పద్ధతిలో కింద కూర్చుని వాయించే విద్వాంసుణ్ణి స-ప-స-ప శ్రుతిలో కూర్చోబెట్టి, ఒక్క కంపనమూ లేకుండా, పొడవాటి కమానుతో, నాలుగైదు మెట్లకు ఒకటి కాకుండా ప్రతి మెట్టుకూ ఒకటి చొప్పున రికార్డు చేయాలి. బెండ్ పరిధిని టోన్‌తోపాటే భద్రపరిచే సౌకర్యం చవక మోడళ్లలోనూ ఉండాలి, అప్పుడు ‘తోడి’ అని, ‘శంకరాభరణం’ అని రిజిస్ట్రేషన్ మీటలు పేర్లతో పెట్టుకోవచ్చు. కంపెనీల కోసం ఆగాల్సిన పని కూడా లేదు. శాంపిళ్లు ఎక్కించుకునే వీలున్న కీబోర్డులకు సొంతంగా టోన్లు తయారుచేసి అమ్మేవాళ్లు దేశంలో ఉన్నారు, కర్నూలులో ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, అక్కడ ఫిడేలు నేర్పేవాళ్లున్నారు. ఒక మంచి మైకు, నిశ్శబ్దమైన గది, మూడు స్థాయిల్లోని 36 స్వరాలు, ఒక్కొక్కటి మెత్తగా ఒకసారి, గట్టిగా ఒకసారి. మొత్తం 72 రికార్డింగులు. వాటిలో ఏ ఒక్కదాంట్లోనూ ఎడమచేతి వేలు ఊగకుండా చూసుకోవడమే అసలు కష్టం, ఎందుకంటే మంచి విద్వాంసుడి వేలు రాగం లేని చోట కూడా రాగం వెతుక్కుంటుంది.